మొదట పిలిచిన పేరు

అక్టోబర్ నెల మూడో గురువారం, అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో, నాలుగో పీరియడ్‌లో, ఇరవై ఆరుగురు విద్యార్థులకు ఫిజిక్స్ పరీక్ష పేపర్లు తిరిగి ఇచ్చాను. మార్కుల వరుసలో ఇచ్చాను. అందరికన్నా ఎక్కువ వచ్చినవారి పేరు మొదట పిలిచి, మార్కు పైకి చదివి, వారు నా బల్ల దగ్గరికి వచ్చి పేపరు తీసుకువెళ్లాక తరువాతి పేరు పిలిచాను. పని పూర్తి కావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలు నా ఉపాధ్యాయ సర్టిఫికెట్‌ను ఊడగొట్టేంత పని చేశాయి. ఎందుకో కనుక్కోవడానికి నాకు ఏడు వారాలు పట్టింది. పిల్లల పేర్లు మార్చాను. ఒక అమ్మాయి విషయం ఆమె అనుమతితో రాస్తున్నాను.

తెనాలిలో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో నేను ఇరవై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పాను. నా భర్త శ్యామ్‌సుందర్‌కు ఇక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక పదకొండేళ్లపాటు నా వీసా నన్ను ఒక ఉద్యోగి భార్యగా మాత్రమే గుర్తించింది, పనిచేసే హక్కు ఇవ్వలేదు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చేసరికి నాకు యాభై ఏడు. బోధనలో ఇక్కడి డిగ్రీ లేనివారి కోసం అరిజోనాలో వేరే దారి ఒకటి ఉంది. సబ్జెక్టు పరీక్ష రాసి, వేలిముద్రల తనిఖీ దాటి, ఒక శిక్షణ సంస్థలో చేరితే రెండేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఇస్తారు. పగలు సొంత తరగతిలో పూర్తి స్థాయి టీచరుగా పనిచేయాలి, సాయంత్రాలు బోధన గురించి చదవాలి. సంస్థ పంపిన మెంటార్ ఒకరు మన పాఠాలు గమనిస్తారు. మొదటి ఏడాది డిసెంబర్‌లో ఆ మెంటార్ సిఫార్సు చేస్తే కొనసాగుతాం. లేకపోతే సర్టిఫికెట్‌తోపాటు తరగతి కూడా పోతుంది.

సంస్థ పంపిన ఉత్తరంలో నన్ను ‘ఆరంభ స్థాయి ఉపాధ్యాయురాలు’ అన్నారు. ఇరవై రెండేళ్ల సంగతి రాయడానికి వారి ఫారంలో గడి లేదు. దాని మీద నా అభిప్రాయం నా దగ్గరే ఉంచుకుని సంతకం చేశాను.

పేపర్లు పంచిన మరుసటి వారం చివర మెంటార్ డయాన్ ఓర్టెగా నన్ను ఖాళీ తరగతి గదిలో కూర్చోబెట్టింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. అనవసరంగా నవ్వదు. ఆ గుణం నాకు మొదటి రోజే నచ్చింది.

“ఫిర్యాదు వచ్చింది,” అంది. “మార్కు అనేది విద్యార్థి సొంత విషయం. విద్యార్థికి, తల్లిదండ్రులకు, మీకు తప్ప ఇంకొకరికి తెలియకూడదు. ఆగస్టులో మీకిచ్చిన పుస్తకంలో ఉంది.”

ఉంది. నలభై ఒకటో పేజీలో ఉంది. నేను చదివాను. చదివి, ఆఫీసు బీరువాలో దాచే రికార్డుల సంగతి అనుకున్నాను. పేపర్లు పంచడం ఆ నియమం కిందికి వస్తుందని నాకు తట్టనే లేదు. మా కళాశాలలో పేపర్లు వరుసలో ఇవ్వడం ఒక పద్ధతి అని కూడా ఎవరూ అనుకోరు. మరో రకంగా ఇవ్వవచ్చునని ఎవరైనా అంటేగా అది పద్ధతి అయ్యేది.

“నియమం తప్పాను. ఒప్పుకుంటున్నాను. మళ్లీ చేయను,” అన్నాను.

“అంతటితో అయిపోదు. రెండు పేజీల నివేదిక రాయాలి. ఎవరికి హాని జరిగింది, ఎలా జరిగింది, దాని నుంచి మీరు ఏం నేర్చుకున్నారు. దాన్ని చూశాకే నా సిఫార్సు.”

“ఫిర్యాదు చేసింది ఎవరు?”

“చెప్పలేను.”

“మరి హాని ఎవరికి జరిగిందో నాకెలా తెలుస్తుంది?”

“ఊహించండి. చివరి పేరు పిలిచినప్పుడు ఆ పిల్లవాడి స్థానంలో మీరున్నారనుకోండి.”

“నేను ఫిజిక్స్ టీచర్ని. రీడింగులు ఊహించను.”

“గడువు డిసెంబర్ పన్నెండు,” అని డయాన్ లేచింది.

ఇంటికి వచ్చి చెబితే శ్యామ్‌సుందర్ దోసె తిప్పుతూనే తీర్పు ఇచ్చేశారు. “రెండు పేజీలేగా, రాసి పడెయ్యరాదూ. ‘చివరివాడి గుండె పగిలింది, నాకు కళ్లు తెరుచుకున్నాయి’ అని రాయి. వాళ్లకి కావలసింది అదే. మా మేనేజర్ ప్రతి క్వార్టర్ మా అందరిచేతా అలాంటిదే రాయిస్తాడు.”

“మీ చిప్పుల టెస్ట్ రీడింగులు కూడా అలాగే రాస్తారా?”

“అమ్మో! ఉద్యోగం ఊడుతుంది.”

“నాదీ అంతే.”

ప్రయోగం చేయకుండా రీడింగులు అల్లి, రికార్డు నింపుకొచ్చిన అమ్మాయిలను నేను లాబ్‌లోంచి బయటికి పంపిన రోజులున్నాయి. లోలకం ఊగకముందే దాని కాలం రాసేవారు. జవాబు సరిగ్గానే ఉండేది, పుస్తకంలోంచి తెచ్చింది కాబట్టి. ‘చివరివాడికి హాని జరిగింది’ అన్నది కూడా పుస్తకంలోని జవాబే. నిజమై ఉండవచ్చు. నేను కొలవలేదు.

అందుకని కొలిచాను. నవంబర్‌లో రెండో పరీక్ష పెట్టాను. పేపర్లు ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చాను. తరగతి అంతా లెక్కలు చేసుకుంటూ ఉంటే, వెనక బల్ల దగ్గరికి ఒకరిని పిలిచి, పేపరు మూసి చేతికిచ్చి, ఒకే ప్రశ్న అడిగాను: “పోయినసారి నేను పేపర్లు పంచిన తీరు వల్ల నీకు ఏం జరిగింది?” నోటు పుస్తకంలో పేర్లు లేకుండా ఇరవై ఆరు వరుసలు గీసుకున్నాను. రెండు రోజులు పట్టింది.

అక్టోబర్‌లో చివరి పేరు బ్రైస్‌ది. ముప్పై ఒక్క మార్కులు. నా ఇంటిపేరు చేబ్రోలు పలకలేక పిల్లలు నన్ను ‘మిస్ సి’ అంటారు.

“నేను చివర ఉంటానని నాకు ఆరో క్లాసు నుంచీ తెలుసు, మిస్ సి,” అన్నాడు. “కానీ మీరు పిలిచే స్టైల్ భలే ఉంది. వేలంపాట తిరగేసినట్టు. నన్నెవరూ కొనరని తెలిసి కూడా చివరిదాకా టెన్షనే.” తరువాత గొంతు తగ్గించాడు. “మళ్లీ రాయడానికి చాన్స్ ఉందా?”

“ఉంది.”

“మరి అప్పుడు మార్కు చదివారు గాని, ఈ సంగతి చదవలేదేం?”

ఆ మాట కూడా అతని వరుసలో రాశాను.

పదమూడో స్థానంలో వచ్చిన పిల్లవాడు మధ్యవాళ్ల పేర్లు ఎవరూ వినరని, తాను కూడా తన పేరు రెండోసారి పిలిస్తే గాని వినలేదని చెప్పాడు. ఇరవై రెండో స్థానంలో వచ్చిన మరిసోల్ మాత్రం, “బాత్రూమ్‌కి వెళ్లి ఏడ్చాను. తర్వాత లంచ్‌కి వెళ్లాను,” అంది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. క్షమించమని అడిగాను. ఫరవాలేదంది. ఫరవా ఉంది. డయాన్ చెప్పిన జవాబులో అంతవరకు నిజం ఉందన్నమాట. అది కూడా ఉన్నది ఉన్నట్టు రాశాను.

నన్ను తికమక పెట్టినవి వేరే మూడు వరుసలు. ఆ తరగతిలో తెలుగు పిల్లలు నలుగురు: తన్వి, కౌస్తుభ్, ఈషాన్, అనిక. మిడిల్ స్కూల్ నుంచీ నలుగురూ ఒకే కారులో ఇంటికి వెళ్లేవారు. తొంభై ఏడుతో మొదటి పేరు తన్విది. మిగతా ముగ్గురూ డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. ఏడవడానికి కారణం లేని మార్కులు. అయినా ముగ్గురూ ఒకే జవాబు ఇచ్చారు: స్కూల్లో ఏమీ కాలేదు, తరువాత అయింది.

“కార్‌లో అయింది, మిస్ సి,” అన్నాడు ఈషాన్. నాతో విడిగా మాట్లాడేటప్పుడు ఆ పిల్లలు తెలుగులోకి వస్తారు. “కౌస్తుభ్ వాళ్ల మామ్ డ్రైవ్ చేస్తోంది. మెసేజ్ వస్తే కార్ చదువుతుంది కదా, లౌడ్‌గా. ‘తన్వి, నైంటీ సెవెన్, క్లాస్ ఫస్ట్’ అని చదివింది. తర్వాత కంగ్రాట్స్, కంగ్రాట్స్, కంగ్రాట్స్ అని చదివింది. ట్వెల్వ్ టైమ్స్. తన్వి బ్యాక్ సీట్‌లోనే ఉంది.”

“ఎవరు పంపారు ఆ మెసేజ్?”

“తన్వి వాళ్ల మామ్. పద్మ ఆంటీ. మామ్స్ గ్రూప్‌లో. లాస్ట్‌లో ఇంకోటి వచ్చింది. ‘మీ వాళ్లకి ఎంత?’ అని. అది కూడా కార్ చదివింది. అప్పుడు కౌస్తుభ్ వాళ్ల మామ్ కార్ స్లో చేసి, ఒక్కొక్కరిని అడిగింది.”

ఫలితాలు ఇవి. కౌస్తుభ్‌కు డ్రైవింగ్ నేర్పడం ఆపేశారు. ఈషాన్ గేములు గ్యారేజ్‌లోకి వెళ్లి తాళం పడ్డాయి. అనికకు ఏ శిక్షా పడలేదు. “జస్ట్, డిన్నర్ మొత్తం తన్వి గురించే,” అంది. “తన్వి మా ఇంట్లో లేదు. కానీ ఎవ్రీ డే డిన్నర్‌లో ఉంటుంది.”

“మరి తన్వితో మీరు…”

అనిక కిటికీ వైపు చూసింది. “తను లైబ్రరీలో తింటుంది ఇప్పుడు. వాళ్ల మామ్ వచ్చి పికప్ చేసుకుంటుంది.”

తన్విని రెండో రోజు చివరన పిలిచాను. ఆమె పేపరులో నాలుగో లెక్క ఖాళీ. వాలుతలం, కప్పీ, రెండు బరువులు. పోయిన వారం బోర్డు మీద ఆమే చేసి చూపించిన రకం. పేపరు దిద్దుతున్నప్పుడు కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాను. పెన్సిల్ ఒత్తిడి కాగితం మీద మిగిలే ఉంది. బొమ్మ, సమీకరణాలు, యూనిట్లతో సహా జవాబు. జవాబు సరైనది. మొత్తం చెరిపేసి ఉంది.

“ఇది చేసి చెరిపావు,” అన్నాను.

“టైం అయిపోయింది.”

“చెరపడానికి కూడా టైం కావాలి.”

నేను తొందరపెట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది నాకు.

“మిస్ సి, మీరు నాకు బీ గ్రేడ్ ఇస్తారా?” అంది చివరికి. “నెక్స్ట్ టైం నుంచి. నేను అన్నీ చేస్తా. మీరు జస్ట్ బీ వెయ్యండి. అప్పుడు నాకు ఎరేజ్ చేసే పని ఉండదు.”

“తొంభై ఏడు వచ్చిన రోజు నీకు ఏం జరిగింది?”

“హ్యాపీగా ఉన్నా. లంచ్‌లో మామ్‌కి నేనే టెక్స్ట్ చేశా. ఫస్ట్ అని కూడా నేనే చెప్పా.” కాగితం మూల మడత పెట్టింది, విప్పింది. “నెక్స్ట్ వీక్ స్కూల్ కౌన్సెలర్‌కి చెప్పా. కంప్లైంట్ నేనే. మీకు ప్రాబ్లం అవుతుందని తెలీదు నాకు, ప్రామిస్. మామ్‌కి చెప్పకండి. ఎవరికీ చెప్పకండి.”

“చెప్పను,” అన్నాను.

తరువాత నా ఖాళీ పీరియడ్‌లో ఆ వరుస ముందు కలం పట్టుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్లలో చివరి అమ్మాయి గురించి నేను ఆలోచించలేదన్న మాట నిజం కాదు. ఆమెను పిలిచి మాట్లాడేదాన్ని, మళ్లీ చెప్పేదాన్ని. మొదటి అమ్మాయికి ఏం జరుగుతుందన్న ప్రశ్నే నాకు ఎన్నడూ రాలేదు. మొదటి పేరుకు ఏదైనా జరుగుతుందని ఎవరికి తోస్తుంది? నా చదువు రోజుల్లో మొదట పిలిచే పేరు ఎప్పుడూ నాదే. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తినేదాన్నో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. బాక్సు గుర్తుంది. అందులోని పెరుగన్నం గుర్తుంది. పక్కన మనిషి గుర్తు రాలేదు.

మరునాడు తన్వితో రెండు మాటలు చెప్పాను. బీ ఇవ్వను, కాగితం మీద ఏది ఉంటే దానికే మార్కు, చెరిపినదాన్ని నేను చదవగలిగినా చదవనట్టే. లంచ్ సమయంలో నా గది తెరిచే ఉంటుంది.

ఆమె వచ్చింది. వెనక బల్ల దగ్గర కూర్చుని, పుస్తకం అడ్డం పెట్టుకుని తినేది. మూడో రోజున బ్రైస్ మళ్లీ రాయబోయే పరీక్షకు చదువుకోవడానికి వచ్చాడు. రాగానే ఆమెను గుర్తుపట్టాడు.

“నువ్వేగా ఆ నైంటీ సెవెన్?”

తన్వి బిగుసుకుపోయింది. “నువ్వు థర్టీ వన్,” అంది.

“అవును. అందుకే కప్పీ గురించి ఎవరిని అడగాలో నాకు తెలుసు.” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “తాడు ఒకటే అయితే రెండు వైపులా టెన్షన్ ఒకటే ఎందుకు ఉంటుంది? మిస్ సి చెప్పింది, కానీ మిస్ సికి అది ముందే తెలుసు కదా. తెలిసినవాళ్లు చెబితే నాకు ఎక్కదు.”

“నాకూ తెలుసు,” అంది తన్వి.

“నీకు ఈమధ్యేగా తెలిసింది.”

ఆమె నవ్వలేదు గాని పెన్సిల్ తీసింది. నేను బహిరంగంగా చదివిన మార్కులు లేకపోతే ఆ పిల్లవాడు ఆ బల్ల దగ్గరికి వెళ్లేవాడు కాడు. ఈ రీడింగు ఎవరి సిద్ధాంతానికీ సరిపోదు. నా సిద్ధాంతానికీ సరిపోదు, డయాన్ సిద్ధాంతానికీ సరిపోదు. అయినా అది రీడింగే.

డిసెంబర్ మొదటి శనివారం ఇండియన్ గ్రోసరీలో పద్మ కనిపించింది. తన్వి తల్లి. సొరకాయల దగ్గర నన్ను ఆపింది.

“జయంతిగారూ! మీతో మాట్లాడాలనే అనుకుంటున్నానండీ. మా తన్వికి ఈసారి ఎనభై ఒకటి ఏంటండీ?”

“పేపరు తన్వి దగ్గరే ఉందండీ. చూడండి.”

“చూశాను. ఒక ప్రాబ్లం మొత్తం వదిలేసింది. ఎందుకు వదిలేసిందంటే చెప్పదు. మీకేమైనా తెలుసా?”

“అది తన్వినే అడగాలండీ.”

“పోనీ, ఫస్ట్ ఎవరు? కౌస్తుభా?”

“చెప్పకూడదండీ.”

“మనలో మనకేంటండీ! నేనేమన్నా బయటివాళ్లకి చెప్తానా? పోయినసారి అందరి ముందూ చదివారుగా.”

“అది నేను చేసిన తప్పు.”

“ఆ తప్పే బావుందండీ! ఈ స్కూళ్లలో ఎవరూ ఏమీ చెప్పరు. మీరు మనవాళ్లు, మీరైనా చెప్తారనుకున్నా. లేకపోతే మా అమ్మాయి ఎక్కడుందో నాకెలా తెలియాలి?”

వాళ్ల అమ్మాయి ఎక్కడుంటుందో నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం పన్నెండుంబావుకు ఎక్కడ కూర్చుంటుందో, ఎందుకు కూర్చుంటుందో నాకు తెలుసు. నేను మాట ఇవ్వకపోయి ఉంటే ఆ సొరకాయల మధ్య నిలబడి ఆమెకు అంతా చెప్పేదాన్ని. ఆ కారు సంగతితో సహా, ఒక్క విశేషణం కూడా వాడకుండా చెప్పేదాన్ని.

“తన్వితో మాట్లాడండి,” అన్నాను. “మార్కు గురించి కాకుండా ఇంకేదైనా.”

“అంటే ఏంటండీ మీరనేది?” ఆమె ముఖం మారింది. “ఏదో ఉంది, మీరు దాస్తున్నారు. ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెడతానండీ, ఏమీ అనుకోకండి.”

“పెట్టండి.”

పెట్టింది. మొదటి ఏడాదిలో రెండో ఫిర్యాదు అంటే ఏమవుతుందో నాకు తెలుసు. చెరిపిన లెక్క గురించి ఒక్క వాక్యం చెబితే ఆ మెయిల్ ఆగేది.

నివేదిక రాశాను. రెండు పేజీలు అడిగారు, రెండు పేజీలే. ఇరవై ఆరు వరుసల పట్టిక. పేర్లు లేవు, మార్కులు లేవు, వరుసల క్రమం తారుమారు చేశాను. కారు సంగతి రాయలేదు. అది రాస్తే వెనక సీట్లో ఎవరున్నారో ఎవరైనా చెప్పగలరు. ఒక వరుస ఖాళీగా వదిలి, ‘ఈ రీడింగు నా దగ్గర ఉంది, ఇవ్వను’ అని పక్కన రాశాను. చివర ఒక వాక్యం: హాని జరుగుతుందని నాకు చెప్పిన చోట హాని జరిగింది; ఎవరూ చెప్పని చోట అంతకన్నా ఎక్కువ జరిగింది; ఊహించి రాసి ఉంటే రెండోది నాకు తెలిసేది కాదు.

డిసెంబర్ పన్నెండున డయాన్ నా ముందు మూడు కాగితాలు పరిచింది. మొదటి ఫిర్యాదు, రెండో ఫిర్యాదు, నా నివేదిక.

“అక్టోబర్‌లో మీరు అందరికీ అన్నీ చెప్పారని ఫిర్యాదు,” అంది. “ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదని ఫిర్యాదు. ఈ ఉద్యోగంలో ఇలాంటి జత నేను చూడలేదు.”

“రెండూ నిజమే.”

“పట్టిక బాగుంది. మరొకరెవరూ పిల్లల్ని నేరుగా అడగలేదు. నాకు కూడా తోచలేదు.” వేలు ఖాళీ వరుస మీద పెట్టింది. “కానీ అసలు జవాబు ఇక్కడుంది, అవునా?”

“అవును.”

“ఇది ఖాళీగా ఉంటే నివేదిక పూర్తయిందని నేను రాయలేను. నాకు చెప్పండి. కాగితం మీద పెట్టను, ప్రిన్సిపాల్‌కు చెప్పను. ఈ రెండో ఫిర్యాదుకు కూడా జవాబు ఇందులోనే ఉందని నాకు అనుమానం. ఉంటే, దాన్ని ఇక్కడే మూసేయగలను. వింటే సంతకం చేయడం నాకు చాలా తేలిక.”

ఆమె నన్ను పరీక్షించడం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటోంది. ఏడు వారాలుగా నేను పడిన ఆరాటమే ఆమె ముఖంలో కనిపించింది. దాన్ని నేను గౌరవిస్తాను. ఇంకే కారణంతో అడిగినా కాదనడం ఇంత కష్టమయ్యేది కాదు.

“ఆ మాట నాది కాదు,” అన్నాను.

“సంతకం లేకపోతే జనవరిలో మీ తరగతి ఇంకొకరికి వెళ్తుంది.”

“తెలుసు.”

డయాన్ రెండో ఫిర్యాదును మళ్లీ చదివింది. మొదటి ఫిర్యాదును కూడా. మొదటిదాని మీద ఆమె కళ్లు కాస్త ఎక్కువసేపు ఆగాయి. అది ఎవరిదో ఆమెకు మొదటినుంచీ తెలుసు; రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి. నేను దాచుకున్నది ఏమిటో ఆ క్షణాన ఆమెకు కొంత అర్థమైందని నాకు తోచింది. సిఫార్సు పత్రం ముందుకు లాక్కుని తేదీ వేసి, సంతకం చేసింది. ‘ఆత్మపరిశీలన’ అన్న అంశం ఎదురుగా ఉన్న మూడు గడుల్లో మధ్యదాని మీద టిక్కు పెట్టింది. పాక్షికంగా నెరవేరింది.

‘పాక్షికంగా’ అన్న మాట మీద నేను పదకొండు నిమిషాలు వాదించాను. ఆమె మార్చలేదు. ఐదో పీరియడ్ గంట మోగింది. నా పిల్లలు తలుపు బయట నిలబడి ఉన్నారు, వెళ్లి తీశాను.